ఉరుకుందప్ప మూడు ఇంటర్వ్యూలు

గ్రామసేవక్ ఉద్యోగం కోసం ఉరుకుందప్ప మూడేళ్లు వరసగా కర్నూలుకు ఇంటర్వ్యూకు పోయాడు. సర్కారు పిలిచింది ఒక్క మనిషినే గాని పోయింది ముగ్గురు మనుషులని తర్వాత రోజుల్లో ఆయనే చెప్పి నవ్వేవాడు. మొదటిసారి పోయినవాడెవడో తనకు ఇప్పటికీ తెలియదనీ, అంత పెద్ద దొర తమ వంశంలో అంతకుముందూ లేడు, ఆ తర్వాతా పుట్టలేదనీ అనేవాడు.

వాళ్లది ఆలూరుకు ఐదు మైళ్ల అవతల ఒక పల్లె. తండ్రి అయ్యన్నకు కొంచెం నల్లరేగడి చేను, ఒక జత ఎద్దులు ఉండేవి. వాన పడితే రైతు, పడకపోతే కూలి. కొడుకును బళ్లారిలో చుట్టాలింట్లో పెట్టి ఎస్సెల్సీ దాకా చదివించాడు. ఆ పల్లెలో ఎస్సెల్సీ పాసైన మొదటి మనిషి ఉరుకుందప్పే. రెండోసారి కూర్చుంటేగాని పాసు కాలేదన్న సంగతి మాత్రం ఊరికి తెలియదు. అడిగినవాళ్లకు లెక్కల పరీక్ష చాలా బాగుండడం వల్ల రెండుసార్లు రాశానని చెప్పేవాడు.

అప్పటికి ఆంధ్ర రాష్ట్రం వచ్చి ఏడాది కాలేదు. ఆలూరు తాలూకాను బళ్లారి జిల్లా నుంచి తీసి ఇటు కలిపారు. కర్నూలు రాజధాని అయింది. కొత్త అభివృద్ధి పథకం కింద పది ఊళ్లకొక గ్రామసేవక్ వస్తాడని, అతను సైకిలు మీద తిరిగి రైతులకు మేలైన విత్తనాల, ఎరువుల, పశువుల జబ్బుల గురించి చెబుతాడని పేపర్లో పడింది. ఎస్సెల్సీ పాసై ఉండాలి, సేద్యపు కుటుంబంలో పుట్టి ఉండాలి. ఉరుకుందప్పకు రెండూ ఉన్నాయి. దరఖాస్తు పెట్టిన రెండు నెలలకు కర్నూలుకు రమ్మని కార్డు వచ్చింది.

కార్డు చూసి అయ్యన్న కంటె ఎక్కువ సంబరపడినవాడు గోపన్న. గోపన్న బళ్లారి కలెక్టరు కచేరీలో ముప్పై ఏళ్లు బంట్రోతుగా చేసి, పింఛను పుచ్చుకొని ఊరు చేరిన మనిషి. దొరల గది తలుపు దగ్గర నిలబడి ఎన్ని వందల ఇంటర్వ్యూలు చూశాడో లెక్కలేదు. లోపలికి ఎట్లా పోయినవాడు నవ్వుతూ బయటికి వస్తాడో, ఎట్లా పోయినవాడు కళ్లు తుడుచుకుంటూ వస్తాడో తనకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదన్నాడు. ఇంత తెలిసినవాడు పక్కింట్లోనే ఉండడం తన అదృష్టమనుకున్నాడు ఉరుకుందప్ప. ఆ ముప్పై ఏళ్లూ గోపన్న తలుపుకు బయటే ఉన్నాడనీ, లోపల జరిగిన మాట ఒక్కటీ వినలేదనీ ఆ రోజు తనకు తట్టలేదు. తట్టకపోవడానికి తన చదువే అడ్డం వచ్చిందేమోనని తర్వాత అనుకునేవాడు.

వారం దినాలు గోపన్న వసారాలో తర్ఫీదు సాగింది. కోటు లేనివాణ్ణి దొరలు మనిషి కింద లెక్కపెట్టరు కాబట్టి కోటు తొడగాలి. కాళ్లకు బూట్లు ఉండాలి. పల్లెమాట నోట రాకూడదు, పుస్తకంలో ఉన్నట్టు మాట్లాడాలి. తిరిగి బయటికి వచ్చేటప్పుడు దొరలకు వీపు చూపకూడదు, వెనక్కి నడుస్తూ రావాలి. ఇవన్నీ ఒక ఎత్తు, ఆఖరి పాఠం ఒక ఎత్తు.

"దొరల ముందర లేదు, రాదు, తెలీదు అనే మూడు మాటలు నోట్లోంచి రాగూడదప్పా. ఏమడిగినా ఉండాదనే చెప్పల్ల. లేదన్నోడు ఎవడూ నవ్వుకుంటా బయటికి రాల్యా, నేను చూసినా గదా" అన్నాడు గోపన్న.

కోటు ఆలూరు బడి అయ్యవారిది. ఆయన సన్నంగా, పొడుగ్గా ఉంటాడు. ఉరుకుందప్ప పొట్టిగా, వెడల్పుగా ఉంటాడు. కోటు చేతులు వేళ్లదాకా వచ్చాయి, బొత్తాలు మాత్రం కలవలేదు. బూట్లు ఆయన తమ్ముడివి. అవి ఇంకా చిన్నవి. తల్లి హంపమ్మ కొడుకును తేరిపార చూసి, గుడ్డలో కొర్రబువ్వ మూట కట్టి ఇచ్చింది. ఆదోనిలో బస్సు మారి కర్నూలు చేరేసరికి పొద్దు బారెడెక్కింది.

రాజధాని అన్న మాట వినడమే గాని చూడడం అదే మొదలు. చాలా కచేరీలకు ఇంకా ఇళ్లు దొరకక డేరాల్లోనే నడుస్తున్నాయి. ఇంటర్వ్యూ కూడా ఒక పెద్ద డేరాలో పెట్టారు. బయట నలభైమంది దాకా ఉన్నారు. కోటు తొడుక్కున్నది తానొక్కడే. అది చూసి ఉరుకుందప్పకు మిగతా వాళ్ల మీద జాలి కలిగింది. పాపం, వీళ్లకు గోపన్న లాంటివాడు దొరకలేదే అనుకున్నాడు.

పేరు పిలిచారు. లోపల బల్లకు అవతల ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో ఉన్నాయన పెద్ద అధికారి. ఎడమపక్క గుమాస్తా కాగితాలు అందిస్తున్నాడు. కుడిపక్క కళ్లద్దాలు పెట్టుకున్న నల్లటి మనిషి, కడప ఆయన, వ్యవసాయ శాఖలో పనిచేసే రామకృష్ణయ్య. ఆయన పేరు ఉరుకుందప్పకు తర్వాత తెలిసింది. ఎక్కువ ప్రశ్నలు ఆయనే అడిగాడు.

"కోళ్ల పెంపకం తెలుసునా?"

"తెలుసునండీ."

"తేనెటీగలు పెంచారా?"

"పెంచితిమండీ."

కళ్లద్దాలాయన ఒకసారి కాగితం చూసి, ఒకసారి కోటు చూశాడు. "మీది ఆలూరు పక్కన గదా. ఆ ఊరికి ఓడలు గూడ వస్తాయంటనే?" అన్నాడు.

బూట్లు అప్పటికి ఉరుకుందప్ప ప్రాణం తోడేస్తున్నాయి. సగం మనసు కాళ్ల దగ్గరే ఉంది. చెవిలో పడింది 'వస్తాయంట' అన్న మాటొక్కటే. "వచ్చునండీ" అన్నాడు వినయంగా.

గుమాస్తా మొహానికి కాగితం అడ్డం పెట్టుకున్నాడు. కళ్లద్దాలాయన మాత్రం నవ్వలేదు. మంచివాడు. ఇంకొక అవకాశం ఇద్దామనుకున్నాడేమో, సులువైన ప్రశ్న వేశాడు. వాన పడిన తర్వాత చేను విత్తనానికి పదునైందో లేదో ఎట్లా కనిపెడతావని అడిగాడు.

ఈ సంగతి ఉరుకుందప్పకు ఏడేళ్ల వయసు నుంచీ తెలుసు. చేన్లోకి పోయి గుప్పెడు మన్ను తీసి పిసికి ఉండ చేసి కింద వదలాలి. ఉండ పగిలి పొడి అయితే పదును వచ్చినట్టు, ముద్దగా పడితే ఇంకో పూట ఆగాలి. తండ్రి వెంట ఎన్నిసార్లు చేశాడో. అయితే కర్నూలు రాజధానిలో, కోటు తొడుక్కొని, పెద్ద అధికారి ముందర మన్ను పిసికే సంగతి ఎట్లా చెబుతాడు? గొంతు సవరించుకొని, "వర్షపాతమును యంత్రముచే కొలిచి, ఆ ఫలితమును బట్టి నిర్ణయింపవలెనండీ" అన్నాడు.

"మీ నాయన అట్లనే చేస్తాడా?"

"చేయునండీ."

ఇక వెళ్లవచ్చన్నారు. ఉరుకుందప్ప లేచి, రెండు చేతులూ జోడించి, పాఠం ప్రకారం వెనక్కి నడవడం మొదలుపెట్టాడు. ఇల్లయితే గుమ్మం ఉంటుంది. డేరాకు గుమ్మం ఉండదు, తాళ్లు ఉంటాయి. రెండో బూటు తాడుకు తగిలింది. జోడించిన చేతులు జోడించినట్టే ఉండగా వెల్లకిలా బయటికి పోయి పడ్డాడు. ఆయనతో పాటు డేరాలో ఆ పక్క గుడ్డ కూడా కిందికి వచ్చింది. బయట కూర్చున్న నలభైమందికీ లోపల అధికారులు, లోపలి అధికారులకు బయట నలభైమందీ బాగా కనిపించారు.

ఊరికి వచ్చి గోపన్నకు జరిగిందంతా చెబితే ఆయన అంతా విని, వెనక్కి నడవడం ఒక్కటే సరిగ్గా నేర్చుకోలేదని తేల్చాడు.

మరుసటి ఏడు మళ్లీ కార్డు వచ్చింది. ఈసారి ఉరుకుందప్ప ఎవరి సలహా అడగలేదు. ఏడాది పాటు తానే ఆలోచించాడు. వాళ్లకు కావలసింది రైతు, తాను దొరలాగా పోయాడు, అదే తప్పు. కాబట్టి రైతులాగా పోవాలి. ఇంతవరకూ ఆలోచన బాగానే ఉంది. అక్కడ ఆపి ఉంటే రెండో ఏడే ఉద్యోగం వచ్చేదని ఆయన అనేవాడు.

పదిహేను దినాల నుంచి గడ్డం గీసుకోలేదు. తలకు రుమాలు చుట్టాడు. కాళ్లకు ఏమీ లేవు. భుజాన తండ్రి గొంగడి వేసుకున్నాడు. అది మే నెల. కర్నూల్లో రాళ్లు పగిలే ఎండ. గొర్రెలు కాచేవాళ్లు కూడా గొంగడి ఇంట్లో పెట్టి వచ్చే కాలం. కొడుకు బయలుదేరుతుంటే అయ్యన్న అడ్డం వచ్చి, నేను రైతునే గదా, నేనెప్పుడన్నా ఈ అవతారంలో కచేరీకి పోయినానా అని అడిగాడు. ఉరుకుందప్ప వినలేదు.

లోపల అవే మూడు మొహాలు. రామకృష్ణయ్య గుర్తుపట్టినట్టే ఉన్నాడు. చెమటలు కారుతున్న మనిషిని చూసి, గొంగడి తీసి కుర్చీ మీద పెట్టుకోమన్నాడు. ఫరవాలేదు సామీ, మాకు అలవాటే అన్నాడు ఉరుకుందప్ప. సేద్యం ప్రశ్నలకు ఈసారి గడగడా జవాబులు చెప్పాడు. మన్ను పిసికే సంగతి అడగకపోయినా చెప్పాడు. పెద్ద అధికారి తృప్తిగా తల ఊపి, బల్ల మీద నుంచి అచ్చు కాగితం ఒకటి తీసి ఇచ్చాడు. జొన్నకు వచ్చే కాటుక తెగులు గురించి శాఖవాళ్లు ఇంగ్లీషులో వేసిన కాగితం అది. చదివి రైతుకు చెప్పినట్టు తెలుగులో చెప్పమన్నాడు.

ఉరుకుందప్ప కాగితం పట్టుకున్నాడు. అందులో ప్రతి మాటా అర్థమైంది. విత్తనానికి గంధకం పొడి పట్టించి విత్తితే, కంకిలో గింజకు బదులు నల్లటి మసి నిండే ఆ తెగులు రాదని ఉంది. ఎంత విత్తనానికి ఎంత గంధకమో కూడా ఉంది. చివరి వరసదాకా కళ్లు పోయాయి. ఆ తర్వాత గొంగడి గుర్తొచ్చింది. ఇంత కష్టపడి రైతు వేషం కట్టి ఇప్పుడు ఇంగ్లీషు చదివితే పడ్డ పాటంతా పోదా?

"నాకు ఇంగిలీసు రాదు సామీ" అన్నాడు.

"ఎస్సెల్సీ పాసయ్యావు గదయ్యా" అన్నాడు పెద్ద అధికారి.

"పాసయినా గాని మర్చిపోయినా సామీ. ఎద్దుల ఎనక తిరిగి తిరిగి."

రామకృష్ణయ్య కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. కోపం లేదు, విసుగూ లేదు. చదువు రాని రైతులు తమకు ఊరూరా ఉన్నారనీ, వాళ్లకు ఈ కాగితంలో ఏముందో చెప్పేవాడి కోసమే తాము ఇక్కడ కూర్చున్నామనీ మెల్లగా చెప్పాడు. ఉరుకుందప్ప బయటికి వచ్చి వేపచెట్టు కింద గొంగడి విప్పేసరికి ఒళ్లంతా పొక్కులు. ఉద్యోగానికి ఇంగ్లీషు కావాలని తెలిసిన మనిషి, ఇంగ్లీషు వచ్చిన మనిషి, ఆ రెండూ తానే అయి ఉండి కూడా ఉద్యోగం పోగొట్టుకోవడం అందరివల్లా అయ్యే పని కాదనిపించింది.

ఇక ఆ మాటే తలపెట్టకూడదనుకున్నాడు. తండ్రితో చేనికి పోయాడు. కాని చదవలేనని చెప్పిన ఆ కాగితం తలలోంచి పోలేదు. వాళ్ల చేన్లో ఏటా నాలుగైదు వంతుల్లో ఒక వంతు జొన్న కాటుకకే పోయేది. కంకి పట్టుకుంటే చేయంతా నలుపు. సెప్టెంబరు వానలు పడగానే ఆదోని నుంచి గంధకం తెప్పించి తండ్రి ముందు పెట్టాడు. అన్నం పెట్టే విత్తనానికి మందుగుండు సామాను పూస్తావా అని అయ్యన్న కసిరాడు. రెండుసార్లు కర్నూలు పోయి తలకు ఎండదెబ్బ తగిలిందని ఊళ్లో అందరికీ చెప్పాడు.

హంపమ్మకు పుట్టింటివాళ్లు పసుపుకుంకుమ కింద ఇచ్చిన చిన్న చేని చెక్క ఒకటి ఉంది. అందులో ఆమె మాటే చెల్లుతుంది. విత్తనాల గంపలోంచి నాలుగు దోసిళ్లు తీసి కొడుకు చేతిలో పోసింది.

"మీ నాయన పొలంలో ప్రయోగాలు జెయ్యద్దు. నాది గదా, నాది చెడగొట్టుకో" అంది.

ఉరుకుందప్ప గింజలకు గంధకం పట్టించి వెంటనే విత్తేశాడు. అదే చేసిన తప్పు. అప్పటికి ఇంకా పుబ్బ కార్తె. ఊరంతా విత్తడానికి ఆ తర్వాత వచ్చే ఉత్తర కార్తె కోసం ఆగింది. తనకు ఆగే ఓపిక లేకపోయింది. పంట బాగా వచ్చింది. ఆ చెక్క మొత్తం మీద ఒక్క నల్ల కంకి కనపడలేదు. పక్కనున్న తండ్రి చేన్లో యథాప్రకారం కాటుక. ఉరుకుందప్ప రోజుకు రెండుసార్లు పోయి చూసుకుని మురిసిపోయాడు. అంతకంటె ముందుగా చూసుకున్నవి పిట్టలు. ఊళ్లో ఏ చేనూ గింజ పట్టకముందే ఈ చెక్కలో గింజ పాలుపోసుకుంది. చుట్టుపక్కల పిట్టలకు వేరే దిక్కు లేదు. కోత కోసే నాటికి చేతికి వచ్చింది చొప్ప మాత్రమే. హంపమ్మ ఆ చొప్పనే మోపు కట్టి ఎద్దులకు వేసింది. అయ్యన్న మాత్రం గంధకం తినీ పిట్టలు చావలేదంటే మంచి మందేనని ఊరంతా చాటాడు.

మూడో ఏడు కార్డు వచ్చింది. పోకూడదనుకున్నాడు. పోకపోతే ఎందుకు పోలేదని అడిగేవాళ్లకు జవాబు చెప్పాలి. అంతకంటె పోవడమే సులువనిపించింది. ఉతికిన పంచె, చొక్కా, కాళ్లకు రోజూ వేసుకునే చెప్పులు. ఏ మనిషిలాగా పోవాలో ఆలోచించే ఓపిక కూడా లేకపోయింది.

ఈసారి డేరా కాదు, పెంకుల కప్పు వేసిన గది. రామకృష్ణయ్య తల ఎత్తి చూశాడు.

"పోయినేడు చదువు మర్చిపోయింది నువ్వే గదూ?"

"అవును సార్. అంతకుముందేడు డేరా పడగొట్టింది గూడ నేనే."

పెద్ద అధికారి కుర్చీలో వెనక్కి వాలాడు. రెండుసార్లు ఎందుకట్లా చేశావని అడిగితే ఉరుకుందప్ప దాచకుండా చెప్పాడు. బంట్రోతు పాఠాలూ బిగిసిన బూట్లూ మే నెల గొంగడీ అన్నీ చెప్పాడు. గుమాస్తా ఈసారి కాగితం అడ్డం పెట్టుకోకుండానే నవ్వాడు. ఆ నవ్వులు తగ్గాక రామకృష్ణయ్య, మరి ఆ కాటుక తెగులు కాగితంలో ఏముందో ఇప్పుడన్నా గుర్తొచ్చిందా అని అడిగాడు. ఉరుకుందప్ప అందులో ఉన్నది మొదటి నుంచి చివరిదాకా చెప్పి, తన తల్లి చెక్కలో ఏం చేశాడో, ఏం జరిగిందో కూడా చెప్పాడు. పిట్టల దగ్గరికి వచ్చేసరికి కొంచెం తడబడ్డాడు గాని దాటేయలేదు.

"అయితే నీకు మిగిలిందేమి?" అన్నాడు రామకృష్ణయ్య.

"గింజ ఏమీ మిగల్లేదు సార్. గంధకం పట్టిస్తే కాటుక రాదని తెలిసింది. ఊరందరితో కలిసి విత్తకపోతే ఎంత మంచి పంటయినా నిలవదని తెలిసింది."

తర్వాత పెద్ద అధికారి, నీకు తెలియనివి ఏమిటో చెప్పమన్నాడు. మూడేళ్లలో ఎవరూ అడగని ప్రశ్న అది. ఉరుకుందప్పకు ఎక్కడ మొదలుపెట్టాలో తోచలేదు. చెప్పవలసినవి చాలా ఉన్నాయి.

"కోళ్ల జబ్బులు తెలీవు సార్. ఎద్దుకు సూది వేసేది తెలీదు. తేనెటీగలంటే భయం. మా నాయనను ఒప్పించడం తెలీదు."

"ఆఖరిది మాకూ తెలీదులే" అన్నాడు రామకృష్ణయ్య, కాగితం మీద ఏదో రాసుకుంటూ.

నెల తిరక్కుండానే ఉత్తర్వు వచ్చింది. జీతం ఇచ్చి మరీ పిట్టల కథ చెప్పించుకునే సర్కారును ఎప్పుడూ వినలేదన్నాడు అయ్యన్న. కాని ఆ ఉత్తర్వును తీసి తన పెట్టెలో పెట్టి తాళం వేసుకున్నాడు. గోపన్న తన తర్ఫీదు మూడేళ్లకు ఫలించిందని అందరికీ చెప్పుకున్నాడు. ఉరుకుందప్ప కాదనలేదు.

శిక్షణ ముగిశాక పత్తికొండ పక్కన ఎనిమిది ఊళ్లు ఇచ్చి పంపారు. ఇంటర్వ్యూలు అయిపోయాయనుకున్నవాడికి అసలు ఇంటర్వ్యూ అప్పుడు మొదలైంది. మొదటి ఊళ్లో గంధకం సంచి సైకిలుకు కట్టుకొని పోతే, మగవాళ్లంతా రచ్చకట్ట మీద కూర్చొని విని, మంచిదేనప్పా, చూద్దాం అని లేచిపోయారు. మిగిలింది ఎదురింటి వాకిలి ఊడుస్తున్న గంగక్క ఒక్కతే. అరవై దాటిన మనిషి. మొగుడు పోయినప్పటి నుంచి ఇరవై ఏళ్లుగా ఒంటిచేత్తో సేద్యం చేస్తోంది. ఆమె చీపురు పక్కన పెట్టి, ఉరుకుందప్పను పైనుంచి కిందికి చూసి అడగడం మొదలుపెట్టింది.

నీది ఏ ఊరు, మీ నాయన ఎన్ని ఎద్దులు కడతాడు, నువ్వు విత్తే గొర్రు పట్టినావా లేదా అని వరసగా అడిగింది. బల్ల లేదు, కాగితాలు లేవు. ఉరుకుందప్పకు కర్నూల్లో పట్టనంత చెమట పట్టింది. చివరికి ఆమె అసలు ప్రశ్న వేసింది.

"ఈ పసుపచ్చ పొడి నీ చేన్లో ఏసినావా? ఏస్తే ఎన్ని గింజలు ఇంటికి తెచ్చుకున్నావు?"

ఒక్క గింజ కూడా తేలేదని చెప్పాడు. ఎందుకు తేలేదో కూడా చెప్పాడు. గంగక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకొని చాలాసేపు నవ్వింది. ఆ నవ్వులోనే ఇంట్లోకి పోయి, విత్తనాల కుండలోంచి చేటెడు జొన్నలు తెచ్చి ఆయన ముందు పోసింది. కుండ మొత్తం కాదు, చేటెడే. దీనికి పూయమంది. మిగతావి తన మొగుడి కాలం నాటి పద్ధతిలోనే విత్తుతానంది. తీరా ఆ ఏడు వానే రాలేదు. గంధకం పూసినదీ పూయనిదీ తేడా లేకుండా అన్నీ మోకాటెత్తునే ఎండిపోయాయి. ఉరుకుందప్ప ఆమె వీధిలోంచి పోవడానికే సిగ్గుపడి, చుట్టూ తిరిగి చెరువుకట్ట మీదుగా సైకిలు తోసుకుంటూ పోయేవాడు.

ఆ పై ఏడు సెప్టెంబరులో ఒక పొద్దున కట్ట మీద ఎదురుగా గంగక్క నిలబడి ఉంది. ఉత్తర కార్తె వచ్చి రెండు దినాలైంది, రాత్రి మంచి వాన పడింది. ఆమె సైకిలు హ్యాండిలు పట్టుకుంది.

"వాన రాకపోతే నువ్వేం జేస్తావప్పా, నీ సర్కారేం జేస్తాది. గంధకం యాడ పెట్టినావు? ఈసారి కుండ మొత్తానికి పూయల్ల" అంది. సంచి వెనక కట్టి ఉందో లేదో తానే తడిమి చూసుకుని, సైకిలును ఇంటివైపు తిప్పింది.